కారిన చోటు, కన్నం ఉన్న చోటు

డబ్బాలో పంచదార నెల తిరక్కుండా అడుగంటిందనుకోండి. మూత తీసి చూసిన ఇల్లాలి నోట మొట్టమొదట వచ్చే మాట "ఎవరు తీశారు?" అని. "ఎలా అయిపోయింది చెప్మా?" అని తనని తాను అడుక్కునే ఇల్లాలు ఉంటే ఉండవచ్చు, నేను మాత్రం చూడలేదు. "ఎలా" అని అడిగితే బోలెడు శ్రమ. ఈ నెల ఎంతమంది చుట్టాలొచ్చారు, ఎన్ని కాఫీలు కలిపాం, కొట్టువాడు తూకం సరిగ్గా వేశాడా, డబ్బా అడుగున తుప్పు కన్నమేమైనా పడిందా, ఇవన్నీ కూర్చుని ఆలోచించాలి. "ఎవరు" అన్నదానికి ఆ బాధ లేదు. జవాబు వీధి గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వస్తూనే ఉంటుంది. అంట్లు తోమే మనిషి ఉంటే ఆవిడ. ఆవిడ లేని ఇంట్లో కోడలు. కోడలు ఇంకా రాని ఇంట్లో, పాపం, పిల్లలు.

అనుమానించడం తప్పా అని అడిగితే పెద్దలు రెండు రకాలుగా చెబుతారు. ఇల్లు నడిపే మనిషికి ఆ మాత్రం అనుమానం లేకపోతే కొంప గుల్లవుతుందని ఒకరు, అనుమానం పెనుభూతమని ఇంకొకరు. రెండూ నిజమే కాబట్టి రెండూ మనకి అక్కరకి రావు. నాకు తోచే ప్రశ్న వేరు. అనుమానం రానే వచ్చింది, సరే. ఆ తరవాత ముందు వెతికి ఆనక మాట అంటామా, ముందు మాట అనేసి ఆనక వెతుకుతామా? ఈ వరస సంగతి నాకు తెలియజెప్పింది ఏ పురాణమూ కాదు, ఒక పాత లారీ. నవ్వకండి. మనలో లారీ ఎక్కినవాళ్ళు తక్కువేమో గాని, లారీకి పడ్డ నింద లాంటిది పడనివాళ్ళు ఎక్కువమంది ఉండరు.

1982 నాటి మాట. శృంగవరపుకోటలో మా మేనమామకి ఒక టాటా 1210 లారీ ఉండేది. టాటా వాళ్ళు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి 1954లో జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచెయ్యడం మొదలుపెట్టి, 1969లో ఆ పొత్తు ముగించుకున్నారు. పొత్తు ముగిసి పుష్కరం దాటినా కోటలో దాన్ని "బెంజి బండి" అనే అనేవారు, పెళ్ళయి పన్నెండేళ్ళయిన మనిషిని ఇంకా పుట్టింటి ఇంటిపేరుతో పిలిచినట్టు.

బండి పని ఘాట్ రోడ్డెక్కి అరకు సంతలకి వెళ్ళి రావడం. ఎక్కేటప్పుడు ఉప్పు బస్తాలు, ఎండు చేపలు, ఉల్లిపాయలు, సత్తు గిన్నెలు, బట్టలు. దిగేటప్పుడు పసుపు, అల్లం, చింతపండు, పిప్పళ్ళు, వలిసెలు, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు. ఇప్పుడు ఆ కొండలన్నీ 2022లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి గాని, అప్పటికి విశాఖపట్నం జిల్లాయే. ఆ దారి ఎక్కనివారి కోసం ఒక్క మాట చెబుతాను. కోట దాటి బొడ్డవర దాకా నేల చదునే. ఆ తరవాత టైడా, డముకు, అనంతగిరి అంటూ రోడ్డు కొండ నడుం చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. అనంతగిరి దాటి సుంకరమెట్ట కాఫీ తోటలు చూసుకుంటూ వెళితే అరకు, సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఒక పక్క లోయ. 1960లలో ఇనుప రాయి కోసం వేసిన కిరండూల్ రైలు దారి, దాని సొరంగాలు. అందం సరే, బరువు బండికి మాత్రం ప్రతి మలుపూ పరీక్షే. ముందు చక్రాలు ఒక వాలులో, వెనక చక్రాలు ఇంకో వాలులో పడి ఛాసిస్ అంతా తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ట్రిప్పుకి మూడు నాలుగు లీటర్ల డీజిలు లెక్కకి తక్కువ రావడం మొదలైంది. మావయ్య దగ్గర గీతలు చెక్కిన కర్ర ఒకటుండేది. బయలుదేరే ముందు టాంకులో ముంచి ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి చూసుకునేవాడు. ఇంజను చూస్తే గుర్రంలా ఉంది. పొగ లేదు, లాగుడు తగ్గలేదు, ఎక్కడా ఆగలేదు. రాత్రంతా షెడ్డులో పెట్టి కింద గోనెపట్టా పరిచి చూస్తే ఒక్క చుక్క పడలేదు. పోనీ తడి ఎక్కడైనా ఉందా అంటే ఉంది. టాంకు మూత పక్కన, టాంకు బుగ్గ మీద, జిడ్డుగా, దుమ్ము అంటుకుని. ఇంకేం కావాలి! అది గొట్టం పెట్టి లాగినప్పుడు ఒలికిన తడి. గొట్టం పెట్టగలిగేవాడు రాత్రి బండి దగ్గర పడుకునేవాడు. బండి దగ్గర పడుకునేవాడు క్లీనరు. చొక్కా వాసన చూస్తే డీజిలు. (లారీ క్లీనరు చొక్కా డీజిలు వాసన వెయ్యక సన్నజాజుల వాసన వేస్తుందా అని ఆ పూట అక్కడ ఎవరికీ తట్టలేదు.)

క్లీనరు పద్దెనిమిదేళ్ళ గిరిజన కుర్రాడు, అనంతగిరి పక్క కొండ మీద ఊరు. "నేను తియ్యనేదు బాబూ" అన్నాడు, ఒక్కసారే. రెండోసారి అడిగితే నేల చూశాడు. నేల చూడడం మావయ్యకి ఒప్పుకోలులా కనబడింది. పెట్రోలు బంకు దగ్గర, నలుగురు డ్రైవర్లు నిలబడి ఉండగా "దొంగ" అనేశాడు. నెలకి 30 రూపాయల చొప్పున రెండు నెలలు జీతంలో కోశాడు. మావయ్య చెడ్డవాడు కాదు సుమండీ. పనివాళ్ళకి జబ్బు చేస్తే తనే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకువెళ్ళే మనిషి. అందుకే ఈ సంగతి చెప్పుకోవడం. చెడ్డవాళ్ళ అనుమానాల గురించి వ్యాసాలు రాయనక్కరలేదు.

కొండ మీద మనుషులకి "లెక్క తక్కువొచ్చింది" అన్న మాట కొత్త కాదు. అరకుని ఆనుకుని ఉన్న కోరాపుట్ కొండల జీవితం మీద ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1945లో "పరజా" అని నవల రాశారు. చిన్న అప్పు, ఆ అప్పు కింద షావుకారి దగ్గర వెట్టి, ఎంత చేసినా తీరని బాకీ. ఆ వెట్టినే అక్కడ గోతీ అంటారు. లెక్క రాసుకునే పుస్తకం ఎప్పుడూ అవతలివాడి దగ్గర, తరుగు ఎప్పుడూ ఇవతలివాడి నెత్తిన. సంతల్లో దళారుల దోపిడీకి అడ్డుగా గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టారు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970లో ఒకటో నంబరు రెగ్యులేషను తెచ్చారు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ దేశమంతటికీ 1976లో చట్టం చేశారు. ఆ కుర్రాడి మనసులో ఏముందో నేను చెప్పలేను. కాని వాడి తాతల నాటి లెక్కల్లో ఎన్నడూ చెల్లని మాట ఏ వైపుదో ఇన్ని చట్టాలు చూస్తే తెలియదూ? రెండోసారి నోరు విప్పలేదంటే ఆశ్చర్యమేముంది!

ఇంతలో బ్రేకుల పని మీద విజయనగరం నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. మాటల్లో డీజిలు సంగతి విన్నాడు. "దొంగని పట్టేరు సరే, కన్నం ఎతికేరా బాబూ?" అన్నాడు. మావయ్యకి కోపం వచ్చింది. అయినా మేస్త్రి వయసుకి గౌరవమిచ్చి ఊరుకున్నాడు.

నాకు ఆ మేస్త్రే బోధపరిచాడు డీజిలు ప్రయాణం. వంటింటి భాషలో చెబుతాను. టాంకు మన నీళ్ళ బిందె. అందులోంచి ఫీడ్ పంపు నూనెని పీల్చుకుంటుంది. వడగట్టు గుడ్డలాంటి ఫిల్టర్లలో తేరుకుని అది మైకో పంపుకి చేరుతుంది. మైకో అంటే 1951లో బెంగుళూరులో బాష్ వాళ్ళ సాయంతో పుట్టిన కంపెనీ, ఆ రోజుల్లో లారీ మేస్త్రీల నోట దేవుడి పేరంత తరచుగా వినిపించే పేరు. ఆ పంపు ఒక్కొక్క సిలిండరుకీ ఒక్కొక్క బొట్టు కొలిచి, ఉక్కు గొట్టాల్లోంచి మహా ఒత్తిడితో తోస్తే, ఇంజెక్టరు దాన్ని మంచు తుంపరలా చిమ్ముతుంది. అయితే పంపు దగ్గరికి ఎప్పుడూ కావలసినదానికన్నా ఎక్కువే వస్తుంది. మిగిలినది సన్నటి గొట్టంలోంచి వెనక్కి టాంకులోకి పోతుంది. పంక్తిలో వడ్డించగా మిగిలిన పులుసు మళ్ళీ గుండిగలో పోసినట్టు. దాన్ని రిటర్ను గొట్టం అంటారు.

(అన్నట్టు, 1900 పారిస్ ప్రదర్శనలో ఈ జాతి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. పక్కన నుంచున్నవాళ్ళకి పకోడీల వాసన వచ్చిందో లేదో చరిత్రకారులు రాయలేదు.)

ఒక్కొక్క గొట్టానికి ఒక్కొక్క రకం జబ్బు. టాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య కన్నం పడితే నూనె బయటికి రాకపోగా గాలి లోపలికి పోతుంది. నేల పొడిగానే ఉంటుంది, పొద్దున్నే ఇంజను మాత్రం ఆయాసపడుతుంది. ఫీడ్ పంపు దాటాక పడితే చుక్క కారుతుంది. ఉక్కు గొట్టాల దగ్గరైతే కంటికి ఆననంత సన్నగా చిమ్ముతుంది. అక్కడ వేలు పెట్టి చూడకూడదు, చర్మాన్ని సూదిలా పొడిచి నూనె కండలోకి పోతుంది, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఇక రిటర్ను గొట్టంలో కన్నం పడితే? ఇంజనుకి ఏ లోటూ తెలియదు. దాని వాటా అది తిన్నాకే కదా మిగులు. బండి నిలబెడితే ప్రవాహమే ఉండదు, కాబట్టి చుక్కా పడదు. మేస్త్రి అనుమానమంతా దాని మీదే. కాని అనుమానం మీద మాట తూలలేదు, స్పానరు కూడా పట్టలేదు. "ముందు కడగాల" అన్నాడు.

ఆ కడగడం చూడవలసిందే. డ్రైవరూ క్లీనరూ కలిసి ఇంజను దగ్గర్నుంచి టాంకు దాకా ప్రతి గొట్టమూ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచారు. ఏళ్ళ నాటి జిడ్డు. పాత జిడ్డు ఉండగా కొత్త తడి కనపడదట. తడిసిన చోటల్లా బోల్టు బిగించబోయిన డ్రైవరుని మేస్త్రి కసిరాడు. బిగించకూడని చోట బిగిస్తే మర అరిగిపోయి, లేని కన్నం పుట్టుకొస్తుందట. ఆ మాట విని మా అత్తయ్య నా వంక చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో ఉమ్మడి కాపరం చేసినవాళ్ళకి చెప్పనక్కరలేదు.

తుడిచాక మేస్త్రి అత్తయ్యని అడిగాడు, "అమ్మా, ముగ్గు ఉందా?" అని. డబ్బాడు ముగ్గుపిండి తెచ్చి ఇస్తే, గుడ్డలో మూటగట్టి, గొట్టాల మీదా జాయింట్ల మీదా టాంకు మీదా తపతప అద్దాడు. బండి ధనుర్మాసపు వాకిలిలా తయారైంది. షెడ్డులో చూస్తే లాభం లేదు, బరువేసి కొండెక్కించాలన్నాడు. బొర్రా గుహలు చూపిస్తానని ఎప్పటినుంచో ఊరిస్తున్న మావయ్య అదే అదనుగా నన్నూ అత్తయ్యనీ కూడా బండెక్కించాడు.

టైడాలో ఆపి చూశారు. ముగ్గు అలాగే ఉంది. మావయ్య ముఖంలో చిన్న విజయం. డముకు దగ్గర ఆపి చూశారు. టాంకు బుగ్గ మీద ముగ్గు నల్లబడింది. అదే చోటు, మూత పక్కన. దారిలో ఎవరూ గొట్టం పెట్టలేదు. క్లీనరు మా కళ్ళ ఎదుటే కూర్చున్నాడు.

"కారినకాడ కన్నం ఉండదు బాబూ" అన్నాడు మేస్త్రి. "నూనె కిందికి జారతాది, గాలికి ఎనక్కెల్తాది. మనం పైకీ ముందుకీ ఎతకాల." టాంకు బుగ్గ మీంచి నల్లటి తోకని పట్టుకుని వేలితో ముందుకి వెళ్ళాడు. టాంకుకి రెండడుగుల ముందు, రిటర్ను గొట్టాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోయి ఉంది. గొట్టం ఏళ్ళ తరబడి ఇనుముకి రాసుకుని, ఛాసిస్ వైపున, కంటికి కనపడని పక్కన, గుండుసూది తలంత కన్నం పడింది. చదును నేల మీద ఆ కన్నం ఇనుముకి ఆనుకుని మూసుకుపోయేది. మలుపుల్లో ఛాసిస్ మెలి తిరిగినప్పుడు గొట్టం పక్కకి జరిగి కన్నం నోరు తెరిచేది. కారినది గాలికి వెనక్కి కొట్టుకుపోయి టాంకు మూత పక్కన పడేది, అచ్చం ఎవరో గొట్టం పెట్టి లాగినట్టే.

నేను ఆ రోజునుంచి ఈ సంగతి ఇళ్ళల్లో చూస్తూ వచ్చాను. ఇంట్లో గొడవ జరిగితే ఎవరు ఏడిస్తే వాళ్ళే గొడవకి కారణమని తేలుతుంది. "ఆవిడ కళ్ళలో నీళ్ళు రెడీగా ఉంటాయి" అంటారు. తడి అక్కడ కనపడింది కనక కన్నం అక్కడే అని. ఏడ్చే మనిషి తరచుగా ఆ ఇంట్లో అందరికన్నా పల్లంలో ఉన్న మనిషి. పైన ఎక్కడ కారినా ఆ చోటికే వచ్చి చేరుతుంది. మగవాడి ఉద్యోగంలో చికాకు, అత్తగారి పాత దిగులు, ఆడపడుచు పెళ్ళి కుదరకపోవడం, ఇన్ని గొట్టాలు దాటి వచ్చి కోడలి కొంగు తడుస్తుంది. అప్పుడు ఆ కోడల్ని బిగిస్తారు. ఏమీ కారకుండా గాలి పీల్చుకునే ఇళ్ళు మరీ ప్రమాదం. అక్కడ ఎవరూ ఏడవరు, ఎవరూ ఏమీ అనరు, ముగ్గు చల్లి చూద్దామన్నా తడి దొరకదు.

అయితే "ఎవరు" అన్న ప్రశ్న చావుమొండిది. కన్నం దొరికాక కూడా అది పోలేదు. క్లిప్పు ఊడిందని డ్రైవరు ఎప్పుడో చెప్పాడనీ, "మరోసారి చూద్దాంలే" అన్నది మావయ్యేననీ బయటపడింది. అంతే, దొంగ ఎవరో తెలిసిపోయినట్టు అందరూ మావయ్య వైపు తిరిగారు. మనుషులకి కన్నం చాలదు, దానికో ముఖం కావాలి. ఆ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913 సెప్టెంబరు 29 రాత్రి ఓడ మీద ఇంగ్లండు వెళుతూ మాయమయ్యాడు. కొన్నాళ్ళకి సముద్రంలో శవం దొరికింది. మనిషి పీకల్దాకా అప్పుల్లో ఉన్నాడు. అయినా గూఢచారులు చంపారని, వ్యాపారులు చంపించారని ఎన్ని కథలు పుట్టాయో!

అలాగని "ఎవరు" అని ఎన్నడూ అడగకూడదని నేననను. నిజంగా గొట్టం పెట్టి లాగేవాళ్ళూ ఉంటారు. కాని జీతం కొయ్యగలిగిన చెయ్యి ఎవరిదో, ముందు కడిగి ముగ్గు చల్లవలసిన బాధ్యత ఆ చేతిదే అనుకుంటాను. కుర్రాడు తనని తాను నిరూపించుకోలేడు. వాడికి లారీ కొండెక్కించే అధికారం ఎక్కడిది? ఇంటి ఇల్లాలికీ అంట్లు తోమే మనిషికీ మధ్య కూడా అంతే. బీరువా తాళాలు మన దగ్గరుంటాయి, ఆవిడ దగ్గర "నేను తియ్యలేదమ్మా" అన్న ఒక్క మాట ఉంటుంది.

కోట తిరిగొచ్చిన మర్నాడు మావయ్య కుర్రాణ్ణి పెరట్లోకి పిలిచి 60 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. పైన ఇంకో 20 పెట్టి "పండక్కి బట్టలు కొనుక్కో" అన్నాడు. కుర్రాడు 60 తీసుకున్నాడు. 20 అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అత్తయ్యకి అది పొగరుగా తోచింది. "ఇవ్వాల్సింది ఇచ్చేశాం, పైన కూడా ఇస్తుంటే వద్దంటాడేం?" అంది. నేను వాదించాను. వాడి డబ్బు వాడికిస్తే బాకీ తీరుతుంది, బహుమానం కలిపి ఇస్తే ఆ బాకీ కూడా మన దయలాగే కనపడుతుంది. ఇంకొకటి, దొంగ అన్నది పెట్రోలు బంకు దగ్గర నలుగురి ముందు. కాదని చెప్పింది పెరట్లో, అరటి చెట్ల వెనకాల. మాట ఎక్కడ పారేసుకున్నామో అక్కడికే వెళ్ళి ఏరుకోవద్దూ? "యజమాని బంకు దగ్గరికెళ్ళి క్షమించమంటాడా, బాగుంది!" అంది అత్తయ్య. ఆవిడ అన్నదాంట్లోనూ లోకం ఉంది. ఆ వాదన మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళలో తెగనేలేదు.

ఇక్కడినుంచి నాకు డ్రైవరు చెప్పిన సంగతి. పాత గొట్టంలో కన్నం పడ్డ ముక్క నాలుగంగుళాలు కోసి, మేస్త్రి చొక్కా జేబులో వేసుకున్నాడట. సాయంత్రం బంకు పక్క టీ కొట్లో అదే నలుగురు డ్రైవర్లూ, ఇంకా కొందరూ ఉండగా దాన్ని బయటికి తీశాడు. ఎవరినీ ఏమీ అనలేదు. "ఒక కొస బొటనేలు పెట్టి మూసి, రెండో కొస ఊదండి" అన్నాడు. ముక్క చేతులు మారింది. ఒక్కొక్కరూ ఊదడం, పక్కనుంచి సన్నగా గాలి చెంపకి తగలడం, "ఓర్నీ!" అనడం. మావయ్య అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తన వంతు వచ్చింది. ఊదాడు. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కకి అందించాడు. పక్కన టీ గ్లాసుతో నిలబడ్డవాడు క్లీనరు. వాడు ఊదలేదట. లాగు జేబులో వేసుకుని టీ తాగేశాడట.